మా కారు లోపాలన్నీ కాగితం మీద రాసిచ్చి అమ్మాను

మా పెట్రోలు కారును 2012లో అనంతపురంలో, నా పేరు మీదే, బ్యాంకు అప్పుతో కొన్నాం. 2024 మే నాటికి 1,28,000 కిలోమీటర్లు తిరిగింది. అమ్మను కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లినా, పిల్లలను బెంగళూరు కాలేజీలో దింపి వచ్చినా ఆ బండిలోనే. ఒక్కసారి కూడా దారి మధ్యలో ఆగిపోలేదు. కానీ వయసు మీద పడింది.

అమ్మాలని తేల్చుకున్న రాత్రి పిల్లల పాత నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి, నాకు తెలిసిన లోపాలన్నీ రాశాను. ఉదయం స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తుంది. ఏసీ కూలింగ్ కాయిల్ లీకవుతోంది, గ్యాస్ నింపిస్తే నెల కూడా ఆగదు. క్లచ్ జారుతోంది. వెనుక ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. గతుకుల్లో స్టీరింగ్ కింద టకటకమని చప్పుడు. ముందు కుడి తలుపుకు ఒకసారి టింకరింగ్, పెయింటింగ్ చేయించాం. మొత్తం ఆరు.

ఏవి బాగు చేయించాలి, ఏవి వదిలేయాలి అన్నది పెద్ద ప్రశ్న అయింది. కాయిల్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. అంత ఖర్చు పెట్టినా అమ్మకం ధరలో అది తిరిగి రాదు. క్లచ్ సంగతీ అంతే. ఆ రెండూ వదిలేశాను. బ్రేకు ప్యాడ్లు అరిగాయని మెకానిక్ చెప్పగానే మాత్రం ఆ రోజే మార్పించాను. మిగతా లోపాలకు ధర తగ్గించవచ్చు. బ్రేకుల విషయంలో ఆ బేరం ఉండదు. రేపు ఆ సీట్లలో ఎవరి పిల్లలో కూర్చుంటారు.

మొదట పాత బండ్లు కొని అమ్మే ఒక ఆటో కన్సల్టెన్సీకి వెళ్లాను. యజమాని నా కాగితం చదివి పక్కన పెట్టి, "అమ్మా, ఇవన్నీ ఎవరికీ చెప్పకండి. చిక్కటి ఆయిల్ పోస్తే నెల రోజులు పొగ కనిపించదు. మీటరు 70,000కు తగ్గిస్తాం" అన్నారు. ఇచ్చేది 90,000 రూపాయలట. తర్వాత, "మీవారిని పంపించండి, ఆయనతో మాట్లాడతాను" అన్నారు. ఆర్‌సీలో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, ఉన్నది నా పేరు. వాయిదాలు కట్టింది నా జీతంతో. కాగితం తీసుకుని వచ్చేశాను. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన కోపం ధర గురించి కాదు.

తెలిసినవాళ్ల ద్వారా నార్పల వైపు నుంచి ఒక చీనీ (బత్తాయి) రైతు ఫోన్ చేశారు. ధర మాట్లాడకముందే ఆరు లోపాలూ చదివి వినిపించాను. కాసేపు మౌనంగా ఉండి, "పొగ ఎప్పుడు వస్తుందమ్మా? పొద్దునేనా, రోజంతానా?" అని అడిగారు. అప్పటిదాకా నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. మరునాడు ఉదయం బావమరిదిని తీసుకొస్తానని, అప్పటిదాకా బండి తీయవద్దని చెప్పారు.

ఆరు గంటలకే వచ్చారు. బావమరిది ట్రాక్టర్ల మెకానిక్. ముందుగా బానెట్ మీద అరచేతి వెనుకభాగం ఆనించి ఇంజను చల్లగానే ఉందని చూసుకున్నాడు. సైలెన్సర్ దగ్గర తెల్లగుడ్డ పట్టుకుని స్టార్ట్ చేయమన్నాడు. నీలం పొగ వచ్చింది, ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. తర్వాత రైల్వే వంతెన మీదికి ఎక్కిస్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి అద్దంలో వెనక్కి చూశాడు. ఏమీ లేదు. "ఇంజను లోపలి పిస్టన్ రింగులు అరిగితే ఎత్తు ఎక్కేటప్పుడు కూడా పొగ వస్తుందక్కా. ఇవి వాల్వ్ సీళ్లు, గట్టిపడ్డాయి. పెద్ద ఖర్చు కాదు" అన్నాడు. రెండేళ్లుగా ఇంజను పోయిందనే భయంతో ఉన్నాను నేను.

తర్వాత డిక్కీలో పరిచిన మ్యాటు ఎత్తి, స్టెపినీ తీశాడు. అడుగున రేకు తుప్పుపట్టి, వేలు దూరేంత రంధ్రం పడి ఉంది. పన్నెండేళ్లలో నేను ఆ అడుగుభాగాన్ని ఒక్కసారీ పరీక్షగా చూసుకోలేదు. నాకు తలవంపుగా అనిపించింది. కాగితం మీద ఏడో అంశంగా నా చేత్తోనే రాసి, అనుకున్న 1,35,000లో 5,000 నేనే తగ్గించాను. వాళ్లు మళ్లీ బేరం ఆడలేదు.

ఇక కాగితాల పని. అప్పు 2017లోనే తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. నా ఖాతా ఉన్న శాఖ మరో చోటికి మారిపోయింది. నిరభ్యంతర పత్రం కోసం మూడుసార్లు తిరిగాను. అది చేతికొచ్చాక 35వ నంబరు ఫారంతో బ్యాంకు పేరు తీయించి, ఆ తర్వాతే పేరు మార్పిడికి 29, 30 ఫారాలు పెట్టాం. అప్పు తీరిన వారంలోనే ఈ పని ముగించి ఉంటే మే నెల ఎండలో ఆ తిప్పలు ఉండేవి కావు.

పేరు మార్పిడి విషయంలో నేను పట్టుబట్టాను. "తర్వాత చూసుకుందాంలే" అనేవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. కానీ ఆర్‌సీలో పేరున్నంత కాలం ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆ పేరున్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మినవారు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. అందుకే బండి అప్పగించిన తేదీ, సమయం, మీటరు అంకెతో డెలివరీ నోట్ రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాం. ఫాస్టాగ్ చీల్చి, ఖాతా మూయించాను. క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, బండితో పోదు, మనిషితోనే ఉంటుంది కాబట్టి బీమా కంపెనీ నుంచి ఆ లేఖ కూడా తీసుకున్నాను.

పేరు మారేదాకా 10,000 ఆయన దగ్గరే ఉంచుకోమన్నది నేనే. జూన్‌లో ఆర్‌సీ రాగానే ఆ డబ్బు, ఒక సంచి చీనీకాయలు పట్టుకుని అదే బండిలో వచ్చారు. వాళ్ల అమ్మాయి వెనుక ఎడమ తలుపును లోపలి నుంచే తెరుచుకుని దిగింది. ఆయన ముందు అరలోంచి నా నోటుపుస్తకపు కాగితం తీసి చూపించారు. మెకానిక్ బిల్లులతో కలిపి గుండుసూది గుచ్చి ఉంది. మొదటి అంశం, నాలుగో అంశం కొట్టేసి ఉన్నాయి. ఏసీ మాత్రం చీనీ పంట డబ్బు వచ్చాక చేయిస్తానన్నారు.