జోడు గుర్రాల ఈవెనర్: నడిమి రంధ్రం ఎక్కడ పడాలి

గుర్రాల సేద్యానికి ఇంట్లో పనిముట్లు చేసుకునేవాళ్లు మొదట బండి, సీటు మీద పడతారు. ముందు కుదరాల్సింది ఈవెనర్. రెండు గుర్రాల లాగుడినీ కలిపి నాగలికి అందించే అడ్డబద్దె అది. చూడ్డానికి మూడు రంధ్రాల ఇనుప ముక్కే, కానీ ఆ రంధ్రాలు తేడాగా పడితే ఒక గుర్రం చెమటోడుస్తుంటే రెండోది షికారు చేస్తుంది.

బలం లెక్కతో మొదలుపెడదాం. గుర్రం రోజంతా నిలకడగా లాగేది దాని బరువులో సుమారు పదో వంతు. అంటే 800 కిలోల గుర్రం 80 కిలోలు. కానీ నాగలి రాయికో వేరుకో తగిలినప్పుడు పడే జర్కు దానికి ఎన్నో రెట్లు. అందుకని ఒక్కో కొసకు 800 కిలోలు పడుతుందనుకుని చేయండి. కొసల రంధ్రాల మధ్య 110 సెం.మీ. దూరానికి 100 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం ఉన్న మైల్డ్ స్టీల్ ఫ్లాట్ సరిపోతుంది. వెడల్పు లాగే దిశలో ఉండాలి, నిలబెడితే సులువుగా వంగుతుంది. కర్రతో అయితే యాష్, హికరీ, తుమ్మ లాంటివి 10 × 5 సెం.మీ., ముడి లేనిది, పోగు బద్దె పొడవునా సాగినది.

రంధ్రాలు బద్దె వెడల్పుకు సరిగ్గా నడిమి గీత మీద వేయండి. బద్దె వంగేటప్పుడు ఆ గీత దగ్గర ఒత్తిడి దాదాపు ఉండదు, కాబట్టి రంధ్రం వల్ల బలం పెద్దగా తగ్గదు. అదే రంధ్రం అంచుకు జరిగితే బద్దె చిరిగేది అక్కడే.

ఇక అసలు కిటుకు. మూడు రంధ్రాలూ ఒకే గీతలో ఉంటే ఏ గుర్రం ముందుకెళ్లినా భారం సమానమే. తప్పు కాదు, కానీ వెనకబడినదాన్ని ముందుకు తెచ్చే గుణం ఆ బద్దెకు లేదు. బద్దెను నాగలికి కలిపే నడిమి పిన్ను కొసల రంధ్రాల కంటే 7 సెం.మీ. వెనక్కి, అంటే నాగలి వైపు ఉంటే కథ మారుతుంది. ఒక గుర్రం 28 సెం.మీ. ముందుకెళ్తే బద్దె దాదాపు 15 డిగ్రీలు తిరుగుతుంది. అప్పుడు ముందున్నదాని చేయి, అంటే పిన్ను నుంచి అది లాగే గీతకు అడ్డంగా ఉన్న దూరం, 55 నుంచి 51.3 సెం.మీ.కు తగ్గుతుంది, వెనకదానిది దాదాపు మారకుండా 54.9 దగ్గరే ఉంటుంది. ముందున్నదాని మీద 7 శాతం ఎక్కువ బరువు పడి అదే నెమ్మదిస్తుంది. బద్దె తిరగేసి బిగిస్తే ఆ 7 శాతం పాపం వెనకబడ్డదాని నెత్తినే పడుతుంది. ఒక్కో జోడు ఎందుకు కలవదో అర్థంకాక గుర్రాన్ని తిట్టేముందు పిన్ను ఎటువైపుందో చూడండి.

ఆ 7 సెం.మీ. కోసం బద్దె మధ్యలో పైనా కిందా 10 మి.మీ. ప్లేట్లు పెట్టి, నడిమి గీత మీద 8 సెం.మీ. ఎడంతో రెండు 16 మి.మీ. బోల్టులు వేయండి. పిన్ను రంధ్రం ప్లేట్ల వెనక కొసలో. వెల్డింగ్ వద్దు: నడుమ వెనక అంచే ఎక్కువ సాగేది, అక్కడ అడ్డంగా వెల్డు పడితే పగులు మొదలయ్యేదీ అక్కడే. పాత లారీ కమాన్ పట్టీలు ఊరికే దొరికినా వాటికి వెల్డు జోలికి పోవద్దు, ముందుగా వేడి చేయకపోతే వెల్డు పక్కనే గాజులా విరుగుతాయి.

పరీక్ష త్రాసులాంటిదే. నడిమి పిన్నుకు బద్దెను వేలాడదీసి, ప్లేట్లు పైకి ఉంచి, రెండు కొసలకూ 20 కిలోల చొప్పున కట్టండి. ఒక కొసను కిందికి నొక్కి వదిలితే ఊగి సమంగా నిలవాలి. తలకిందులైతే బద్దె తిరగేసి ఉంది. ఒకవైపు వాలితే పిన్ను నడిమిలో లేదు.

జోడులో ఒకటి 800, ఇంకోటి 700 కిలోలైతే పిన్నును పెద్దదాని వైపు 3.7 సెం.మీ. జరిపి ఇంకో రంధ్రం వేసుకోండి.

కొసలకు తగిలించే సింగిల్‌ట్రీలు, అంటే ఒక్కో గుర్రం లాగుడు గొలుసులు తగిలించే చిన్న అడ్డబద్దెలు, 75 సెం.మీ. ఉంటే చాలు, 60 మి.మీ. పైపు, 4 మి.మీ. గోడ. జింకు పూత ఉన్న పైపైతే పూత గీకేసి, ఆరుబయటే వెల్డు చేయండి, ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది. కొక్కేలకు నాలుక పెట్టండి, గొలుసు వదులైనప్పుడు జారిపోకుండా.

చివరగా కోణం. గుర్రం లాగే భంగిమలో ఉన్నప్పుడు గొలుసు కాలర్ (గుర్రం మెడకు వేసే మెత్తటి పట్టె) ముఖానికి 90 డిగ్రీల్లో కనిపించాలి. గొలుసును సింగిల్‌ట్రీకి తగిలించిన చోటు మరీ ఎత్తయితే కాలర్ పైకి జరిగి గొంతు నొక్కుతుంది. మరీ కిందయితే మెడ మీద రాపిడి పెరిగి పుండు పడుతుంది, అప్పుడు గొలుసుకు రెండు లింకులు పొడిగించి చూడండి.