ఇండెక్స్ ముందుంటుందా, వెనకుంటుందా?

డబ్లిన్‌లో ఉద్యోగంలో చేరిన రెండో వారం. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన స్క్రిప్టు ఒకటి మొండికేస్తే గంటన్నరగా కుస్తీ పడుతున్నా. పక్క సీటు పెద్దావిడ చూసి, "ఇండెక్స్ చూశావా?" అంది. పుస్తకం మొదటి పేజీ తెరిచా. ఆవిడ పుస్తకం లాక్కుని, ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే చివరి పేజీలు తెరిచి చేతికిచ్చింది. "కాలేజీలో ఇది చెప్పరా మీకు?"

ఆ మాటే గుచ్చుకుంది. చెప్పకపోవడమేంటి? గుంటూరులో నాలుగేళ్లు ల్యాబ్ రికార్డులు రాసినోణ్ణి. రికార్డులో ఇండెక్స్ అంటే మొదటి పేజీయే కదా, వరస నంబరు, తేదీ, ప్రయోగం పేరు, చివర సారు సంతకం, ఆ సంతకం కోసం స్టాఫ్ రూమ్ బయట ఎన్ని పూటలు నిలబడ్డామో ఆవిడకేం తెలుసు! మాకు ఇండెక్స్ సారుకి చూపించడానికే, అందులో వెతుక్కునే పని ఎప్పుడూ పడలేదు. రాత్రంతా ఇలా మనసులోనే వాదించా.

అసలు పుస్తకమే పాతది. బయల్దేరేముందు విజయవాడ లెనిన్ సెంటర్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. లావుగా ఉంది, చవగ్గా ఇచ్చాడు, ఇంకేం చూడలేదు. దానికోసం సూట్‌కేసులోంచి గోంగూర పచ్చడి సీసా కూడా తీసేశా (అమ్మకి ఇప్పటికీ తెలీదు). తీరా అది పైథాన్ 2 నాటిది. పైథాన్ 3 2008లోనే వచ్చింది, 2020 జనవరి 1తో పాతదానికి సపోర్ట్ కూడా ఆపేశారు. కొత్తదాంట్లో ప్రింట్ కమాండుకి కావాల్సిన బ్రాకెట్లు నేనే తగిలించుకుంటూ నెట్టుకొచ్చా గానీ, పుస్తకంలో 7/2 అంటే 3, నా మెషీన్లో 3.5. లిస్టులో మూడున్నరో నంబరుది ఇమ్మంటే అదెక్కణ్ణించి తెస్తుంది?

మర్నాడు నా టేబుల్ మీద ఆవిడ సొంత పుస్తకం, నిండా పెన్సిల్ గీతలు. వెనక ఇండెక్స్‌లో అక్షరాలకంటే ముందే గుర్తుల వరస, అందులో జంట గీతల (//) భాగహారం, అంటే 7//2 అని రాస్తే 3 ఇచ్చేది. ఆ పేజీకి వెళ్తే నాలుగు లైన్లు, రెండు ఉదాహరణలు. నిమిషంలో తేలిపోయింది. థాంక్స్ చెప్పా గానీ, కాలేజీ మాట మాత్రం ఇంకా మర్చిపోలేదు.

మొన్న సంక్రాంతికొచ్చి తమ్ముడికి పుస్తకం కొందామని మళ్లీ లెనిన్ సెంటర్‌కే వెళ్లా. ముందు ఏ సంవత్సరందో చూశా, తర్వాత ఆ మధ్య నన్ను ఏడిపించిన మూడు మాటలు వెనక పేజీల్లో వెతికా. "ఏంటి సార్, వెనక నుంచి చదువుతారా?" అన్నాడు కొట్టాయన. రెండు దొరికాయి, మూడోది వెతుకుతుంటే మా వాడు పక్కనున్న పుస్తకాన్ని చేత్తో ఎత్తి బరువు చూసి, "అన్నయ్యా, ఇది తీసుకుందాం" అన్నాడు.