బంగారు బల్లి లేని నివేదిక

తూర్పు కనుమల్లో ఆ గెడ్డ (కొండవాగు) వెంట పదకొండేళ్లుగా తిరుగుతున్నాను. అక్కడ ఆనకట్ట వస్తుందని ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన చూసేదాకా నాకు తెలియదు. దానికి కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. నా కంటపడేసరికే 9 రోజులు పోయాయి.

మొదట కోపంతో నాలుగు పేజీల ఉత్తరం రాశాను. పొగమంచు, లోయ అందం, ఆనకట్ట ఆగిపోయి 1984లో నేషనల్ పార్కుగా ప్రకటించిన కేరళలోని సైలెంట్ వ్యాలీ, అన్నీ పెట్టాను. ఇలాంటి వ్యవహారాలు తెలిసిన స్నేహితుడు చదివి, "బాగుంది. ఇందులో వాళ్లు జవాబు చెప్పాల్సింది ఏముంది?" అన్నాడు. ఒళ్లు మండింది కానీ నిజమే.

జిల్లా పరిషత్ ఆఫీసులో కూర్చుని ఆనకట్ట వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే ముసాయిదా నివేదికను మూడు రోజులు చదివాను. జంతువుల సర్వే వేసవిలో చేసినదే. జాబితాలో బంగారు బల్లి లేదు. నీళ్ల దగ్గర తేమగా ఉండే రాతి పగుళ్లలో బతికే బల్లి అది. చాలా ఆడబల్లులు ఒకే రాతిగోడకు గుడ్లు అతికిస్తాయి. ఆ గోడలు ఎక్కడెక్కడున్నాయో తేదీలతో సహా నా నోటుబుక్కుల్లో ఉంది. అన్నీ ముంపులోకే వస్తాయి. ఈసారి ఉత్తరం ఒకటిన్నర పేజీ. ప్రతి అభ్యంతరం పక్కన నివేదికలోని పేజీ నంబరు వేశాను.

సేకరణ రోజు షామియానా కింద మైకు నా చేతికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. టెన్షన్‌లో గొంతు ఎండిపోయింది, కాగితం చూసి చదివేశాను. నా తర్వాత ముంపు ఊరి పెద్దావిడ లేచింది. "ఆ సారు బల్లుల లెక్క రాసుకున్నాడు, మంచిదే. మా చింతచెట్ల లెక్క ఎవరు రాశారు?" అంది.

నివేదికలో లేదు. పదకొండేళ్ల నా పుస్తకాల్లోనూ లేదు. చింతపండు అమ్మి ఏడాది ఖర్చులు గడుపుకునే ఊళ్లో, వాళ్ల చెట్ల నీడలో కూర్చునే నేను పిట్టల పేర్లు రాసుకున్నాను.

అందరూ లేచిపోతుండగా మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో అధికారులు రాసుకున్నది, చదవమని అడిగాను. అక్కడికక్కడే తెలుగులో చదివి వినిపించాకే సంతకం చేయాలన్నది నిబంధన. చాలామందికి ఇది తెలియదు. చదివారు. ఆవిడ ప్రశ్న అందులో లేదు. ఊరివాళ్లు కదలకుండా నిలబడ్డారు. పావుగంట తర్జనభర్జన తర్వాత ఆ వాక్యం చేర్చి, అప్పుడు సంతకం పెట్టారు.

తుది నివేదికలో బల్లి గురించి అరపేజీ జవాబు వచ్చింది, వర్షాకాలంలో మళ్లీ సర్వే చేస్తామని. చింతచెట్లకు మాత్రం "నిబంధనల ప్రకారం పరిహారం" అని ఒక్క ముక్క. ఫైలు ఇప్పుడు ఢిల్లీలో నిపుణుల కమిటీ దగ్గరుంది. అనుమతి ఇచ్చేస్తే పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి మాకు ఉండేది 30 రోజులే.

అందుకే ఆదివారాలు పెద్దావిడతో, ఆమె మనవళ్లతో కలిసి చెట్లకు సున్నంతో నంబర్లు వేస్తున్నాం. నిన్నటికి 212. గెడ్డ అవతలి గట్టు ఇంకా మొదలుపెట్టలేదు.