ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు: 1899లో సువానీ జట్టు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పండగ రోజులొస్తే చెడుగుడు పోటీలు ఒకదాని వెంట ఒకటి పడతాయి. సాయంత్రం ఒక ఊళ్లో ఆడి, రాత్రికి రాత్రే బండెక్కి ఇంకో ఊరు చేరాలి. ఆ ప్రయాణాలు కుదిర్చే మేనేజర్లు అమెరికన్ ఫుట్‌బాల్ చూడకపోయినా ఫరవాలేదు, సువానీ జట్టు 1899 సీజన్ మాత్రం తెలుసుకోవాలి.

సువానీ టెనెసీ రాష్ట్రంలో కొండ మీది చిన్న కాలేజీ. అసలు పేరు యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్. ఆ ఏడు 12 మ్యాచ్‌లాడి 12 గెలిచింది. చేసిన పాయింట్లు 322, ఇచ్చినవి 10. అందులో ఐదు గెలుపులు ఒక్క రైలు ప్రయాణంలోవి, అన్నీ కాలేజీ జట్ల మీదే. నవంబర్ 9న ఆస్టిన్‌లో టెక్సస్ మీద 12-0, 10న హ్యూస్టన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం మీద 10-0, 11న న్యూ ఆర్లీన్స్‌లో టులేన్ మీద 23-0. 12 ఆదివారం, ఆట లేదు. 13న బేటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ మీద 34-0, 14న మెంఫిస్‌లో మిసిసిపి మీద 12-0. తిరిగింది సుమారు 4,000 కిలోమీటర్లు. బరంపురం నుంచి మద్రాసుకు రెండుసార్లు వెళ్లొస్తే ఇంచుమించు అంత.

ఇదంతా పౌరుషం కోసం కాదు, డబ్బు కోసం. ఏటా ఆడే వాండర్‌బిల్ట్ అనే ఇంకో కాలేజీతో టికెట్ల డబ్బు దగ్గర పేచీ వచ్చి ఆ ఏడు మ్యాచ్ పోయింది. ఆ లోటు పూడ్చడానికి మేనేజర్ లూక్ లీ ఈ ప్రయాణం కుదిర్చాడు. అప్పటికి అతనూ విద్యార్థే. తర్వాత అమెరికా సెనేటరయ్యాడు. 1919లో జర్మనీ మాజీ చక్రవర్తిని హాలండ్ నుంచి ఎత్తుకొద్దామని బయల్దేరిన మనిషి కూడా ఇతనే, కాబట్టి ఈ షెడ్యూల్ వేశాడంటే నాకేం వింతగా లేదు.

ఆ స్కోర్లను ఇప్పటి లెక్కతో చదవకూడదు. అప్పుడు టచ్‌డౌన్‌కు, అంటే బంతిని అవతలివాళ్ల గీత దాటిస్తే 5, దాని తర్వాతి కిక్కుకు 1, ఫీల్డ్ గోల్‌కు, అంటే ఆట మధ్యలో బంతిని తన్ని గోల్ కర్రల నడుమ నుంచి పంపితే 5. అంటే 12-0కు రెండు టచ్‌డౌన్లు, రెండు కిక్కులు చాలు. మైదానం పొడవు 110 గజాలు. మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకెళ్లకపోతే బంతి అవతలివాళ్లది. బంతిని ముందుకు విసరడం 1906 దాకా నిషిద్ధం. అందుకే ఆటంతా తోపులాట, భుజాల మీద భారం. బయటికెళ్లిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ దిగడానికి వీల్లేదు. చెడుగుడులో అవుటైనవాడు తన జట్టు అవతలివాణ్ని అవుట్ చేయగానే లోపలికొస్తాడు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఆడేది 11 మందైనా 21 మందిని తీసుకెళ్లారు.

నిద్ర రైల్లోనే, పడకల పెట్టెలో. తాగడానికి తమ కొండ ఊట నీళ్లను పీపాల్లో నింపుకుని వెళ్లారు. ఊరూరా నీళ్లు మారితే కడుపు చెడుతుంది, చెడితే జట్టు సగమైపోతుంది. మనవాళ్లకు పీపాలు అక్కర్లేదు. కాచి చల్లార్చిన నీళ్లు క్యాన్లలో పట్టుకెళ్తే చాలు. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. చెంచాలు తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే.

ఆ షెడ్యూల్‌లో నాకు నచ్చింది ఆదివారం పడిన చోటు. గట్టిగా ఆడాక కండరాల నొప్పి మర్నాటి నుంచి మూడో రోజు దాకా పెరుగుతుంది. సరిగ్గా వరసగా మూడు ఆడాక విశ్రాంతి దొరికింది. పైగా న్యూ ఆర్లీన్స్ నుంచి బేటన్ రూజ్ దగ్గరే, హ్యూస్టన్ నుంచి వచ్చినప్పటిలా 550 కిలోమీటర్ల పైచిలుకు రాత్రి ప్రయాణం కాదు. మర్నాడు 34 చేశారు, ఆ పై రోజు 12కు పడింది. ప్రత్యర్థుల బలంలో తేడా ఉంటుంది నిజమే, అయినా విశ్రాంతి రోజు చివర్లో కాక నడుమ పెట్టాలనడానికి నేనైతే దీన్నే చూపిస్తాను. అక్టోబర్‌లోనే జార్జియాతో 21న, జార్జియా టెక్‌తో 23న ఆడి వరస మ్యాచ్‌ల రుచి చూసి ఉన్నారు. నేరుగా ఐదుకు దూకలేదు.

ఇంత తిరిగినా సీజన్లో చెమటలు పట్టించిన మ్యాచ్ ఈ ప్రయాణంలోది కాదు. నవంబర్ 30న మాంట్‌గొమరీలో ఆబర్న్ మీద 11-10. ఆ ఏడంతా సువానీ ఇచ్చిన పది పాయింట్లూ అక్కడే. అంతకుముందు మ్యాచ్ నవంబర్ 20న, నడుమ తొమ్మిది రోజులు విశ్రాంతి దొరికింది కనుక అలసట అని సాకు చెప్పడానికీ లేదు. ఆబర్న్ కోచ్ జాన్ హైస్మన్, ఏటా మేటి కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే ఇప్పటి హైస్మన్ ట్రోఫీ ఆయన పేరు మీదే. రెండు రోజులకే అట్లాంటాలో నార్త్ కరోలినాను 5-0తో ఓడించి సీజన్ ముగించారు.

ఇదే కాలేజీ 1932లో పెద్ద కాలేజీ జట్ల లీగ్ ఎస్‌ఈసీ (సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్)లో వ్యవస్థాపక సభ్యురాలైంది. అందులో 37 మ్యాచ్‌లాడి ఒక్కటీ గెలవక 1940లో బయటికొచ్చింది. ఇప్పుడు ఆడేది మూడో డివిజన్‌లో, అక్కడ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు.