కడప బండల ఇంట్లో యూదుల పుస్తకాలు

మొన్న వేసవిలో ఇంటిల్లిపాదీ కొచ్చి వెళ్లినప్పుడు మట్టాంచేరిలోని పరదేశి సినగాగ్ చూశాం. 1568లో కట్టిన ఆ యూదుల ప్రార్థనాలయంలోకి, మన గుళ్లలోకి వెళ్లినట్లే, చెప్పులు బయట విడిచి వెళ్లాలి. లోపల నేలంతా చైనా నుంచి తెప్పించిన నీలం, తెలుపు పలకలు. ప్రతిదీ చేతితో చిత్రించినది కావడంతో ఒకదాన్ని పోలినది మరొకటి ఉండదని చెబుతారు. కడప బండల మీద పాకి, నడక నేర్చిన మా ఆరేళ్ల మనవరాలికి నేలకు ఇన్ని బొమ్మలుండడం వింతగా తోచింది. వంగి లెక్కపెట్టడం మొదలుపెట్టి, ముప్పై దాటాక లెక్క తప్పి, లేచి నిలబడి, "జేజినాయనా, ఈ గుడోళ్లంతా యాడికి పోయినారు?" అని అడిగింది. 1950ల నుంచి కొచ్చి యూదుల్లో చాలామంది ఇజ్రాయెల్ వెళ్లి స్థిరపడ్డారని చెప్పాను గాని, ఆ జవాబు పిల్లకూ చాలలేదు, నాకూ చాలలేదు. దసరా సెలవులకు ఇంట్లో ప్రతి ఒక్కరి వయసుకూ తగిన యూదుల పుస్తకం ఒకటి తెప్పించాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

నిజానికి ఈ విషయంలో నేను అంతకు ముందే ఒక పొరపాటు చేసి ఉన్నాను. మనవడికి పదేళ్లున్నప్పుడు, నాజీలకు దొరక్కుండా దాక్కున్న యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ రాసుకున్న డైరీ చేతికిచ్చాను. వాడు చదివాడు, రెండు రోజులు ముభావంగా తిరిగాడు, ఆ తర్వాత యూదులన్న మాట ఎక్కడ వినిపించినా "హిట్లర్ చంపించినోళ్లు కదా" అనడం మొదలుపెట్టాడు. మూడు వేల ఏళ్లుగా పండుగలు చేసుకుంటూ, బేరాలాడుతూ, లేఖనాల మీద వాదులాడుకుంటూ, తమ మీద తామే హాస్యాలాడుకుంటూ వచ్చిన జనం వాడి మనసులో ఒక్క మరణంగా మిగిలిపోయారు. డైరీ గొప్పదే, దాన్ని మొట్టమొదటి పుస్తకంగా ఇవ్వడమే నా తప్పు. అందువల్ల ఈసారి ముందు వాళ్ల పండుగ, వంటిల్లు, నవ్వు, ఆ తర్వాతే దుఃఖం అన్న వరుస పెట్టుకున్నాను.

ఇటువంటి పుస్తకాలు కడప దుకాణాల్లో దొరకవు. ఇక్కడ పోటీ పరీక్షల గైడ్లదే రాజ్యం. అమెరికాలోని యూదు గ్రంథాలయాల సంఘం 1968 నుంచి ఇస్తున్న సిడ్నీ టేలర్ పురస్కారాల జాబితా నాకు దారి చూపింది. బొమ్మల పుస్తకాలకూ, బడిపిల్లల పుస్తకాలకూ, యౌవనంలో అడుగుపెట్టినవారి పుస్తకాలకూ అందులో వేర్వేరుగా బహుమతులుంటాయి కనుక వయసును బట్టి ఏరుకోవడం తేలిక. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించి సెలవులకు వస్తూ తెచ్చాడు. పలచని బొమ్మల పుస్తకం వెల విని మా ఆవిడ, ఆ డబ్బుకు అర బస్తా బియ్యం వచ్చేవని అంది. ఆ మాటను కాదనలేను.

మనవరాలికి మొదట ఎంచినది రిచర్డ్ హో 2023లో రాసిన 'టూ న్యూ ఇయర్స్'. అందులోని కుటుంబానికి ఏడాదికి రెండు ఉగాదులు: శరత్తులో యూదుల రోష్ హషానా, వసంతం వచ్చే వేళకు చైనావారి కొత్త సంవత్సరం. జనవరి ఒకటిన కేకు కోసి, మళ్లీ చైత్రంలో వేపపువ్వు పచ్చడి తినే ఇంట్లో దీనికి వేరే వివరణ అక్కరలేదు. ఆపిల్ ముక్కను తేనెలో ముంచి తినడం ఒక్కటే ఆ పిల్లకు అన్యాయంగా తోచింది, "చేదు ల్యాకుండా ఉగాది ఎట్లయితాది?" అని. దసరా సెలవులకు ఈ పుస్తకాన్ని ఎంచడానికి మరో కారణమూ ఉంది. యూదుల పంచాంగం కూడా చంద్రుణ్ణి అనుసరిస్తూనే, పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు చేర్చి సూర్యుడితో సరిపెట్టుకుంటుంది. అందుకే 2024లో రోష్ హషానా తొలి పగలూ, మన శరన్నవరాత్రుల తొలిరోజూ ఒకే నాడు, అక్టోబరు 3న వచ్చాయి.

రెండోది సారా సాసూన్ రాసిన 'షోహమ్స్ బ్యాంగిల్'. ఇరాక్‌లోని షోహమ్ అనే పాపకు తన బంగారు గాజులంటే ప్రాణం. దేశం విడిచి వెళ్లేవాళ్లు నగలు తీసుకుపోకూడదన్న ఆంక్ష వచ్చినప్పుడు నాయనమ్మ రొట్టెలు కాలుస్తుంది. గాజు ఏమైందో ఊహించడం కష్టమేమీ కాదు. 1950, 51 సంవత్సరాల్లో లక్షా ఇరవై వేల మంది ఇరాకీ యూదులు విమానాల్లో ఇజ్రాయెల్ చేరిన చరిత్ర ఒక రొట్టెలో ఇమిడిపోయింది. మట్టాంచేరిలో నేను ఇవ్వలేని జవాబులో సగమైనా ఈ పుస్తకం ఇచ్చింది. ఆ రాత్రి పాప తన చేతి గాజు తీసి జేజికిచ్చి, రొట్టెలో పెట్టి కాల్చమంది. గాజు ప్లాస్టిక్‌ది కావడంతో జేజి ఒప్పుకోలేదు.

మనవడికి ఇచ్చినది కొత్త పుస్తకం కాదు, కాని మా ఇంటికి కొత్తే. ఐజాక్ బషెవిస్ సింగర్ తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్‌లో రాసిన కథల సంపుటం 'జ్లాతే ద గోట్' 1966లో ఇంగ్లీషులో వచ్చింది. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. సంపుటానికి పేరిచ్చిన కథలో, హనుక్కా దీపాల పండుగ ఖర్చులకు డబ్బు లేక ఇంటి మేకను కసాయికి అమ్మాలని తండ్రి నిర్ణయిస్తాడు. పన్నెండేళ్ల కొడుకు దాన్ని తోలుకుపోతూ మంచు తుఫానులో చిక్కుకుని, గడ్డివాములో మూడు రోజులు ఆ మేక పాలతోనే బతుకుతాడు. దీన్ని నేను తెలుగులో చెబుతూ చదివాను. మంచు తుఫాను వర్ణన దగ్గర మా వాళ్లకు పోలిక దొరకలేదు గాని, మేకను కసాయికి తోలడమంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. వసారాలో చెనిక్కాయలు ఒలుస్తూ వింటున్న మా ఆవిడ చేతులు ఆ చోట ఆగిపోయాయి. "అమ్మినారా ఏంది?" అని అడిగి, నేను పేజీ తిప్పేదాకా మళ్లీ ఒలవలేదు.

కథలు ముగిశాకే వాడికి లోయిస్ లోరీ 'నంబర్ ద స్టార్స్' ఇచ్చాను. 1943లో డెన్మార్క్ జనం ఏడు వేలకు పైగా యూదులను నాజీల చేతికి చిక్కకుండా పడవల్లో స్వీడన్‌కు దాటించిన ఘట్టం మీద అల్లిన నవల అది. ఈసారి వాడు అడిగిన ప్రశ్న, మన వీధిలోవాళ్లయితే ఎవరెవరు దాచిపెట్టేవాళ్లని. ఇంటింటికీ పేరు చెబుతూ లెక్క వేశాడు, ఒకరిద్దరి దగ్గర అనుమానపడ్డాడు. ఆ పేర్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

పెద్దల సంగతి క్లుప్తంగా చెబుతాను. కోడలు జేమ్స్ మెక్‌బ్రైడ్ 2023 నాటి 'ద హెవెన్ అండ్ ఎర్త్ గ్రోసరీ స్టోర్' సగం చదివి తనతో తీసుకెళ్లింది. అమెరికాలో నల్లవాళ్లూ యూదులూ కలిసి బతికే పేటలో లాభం చూడని కిరాణా కొట్టు కథ అది. మా ఆవిడకు ఎస్తేర్ డేవిడ్ రాసిన 'బెనే అపెటీట్' తెప్పించాను. బెనే ఇజ్రాయెల్ అనే భారతీయ యూదు సమాజానికి చెందిన ఆ అహ్మదాబాద్ రచయిత్రి 2010లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. భారతీయ యూదుల వంటల మీద ఆమె రాసిన ఈ పుస్తకంలో మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఉన్న బెనే ఎఫ్రాయిమ్‌ల ప్రస్తావన కూడా ఉంది. తెలుగు మాట్లాడే యూదులున్నారని మా ఇంట్లో ఎవరూ వినలేదు. నేను నా వంతుకు ఆ సమాజం మీదే యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన 'ద జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' పెట్టుకున్నాను. 2013 నాటి ఆ పరిశోధన గ్రంథం కులం ప్రశ్నను దాటవేయదు, చదవడానికి నిదానం కావాలి. ఇంకా మూడో అధ్యాయంలోనే ఉన్నాను.

2026లో జ్యేష్ఠం అధిక మాసం కావడంతో రోష్ హషానా దసరాకు కాక, వినాయక చవితికి రెండు రోజుల ముందు, సెప్టెంబరు 12న వస్తుంది. కాబట్టి వచ్చే ఏటి పుస్తకాలు ఆగస్టులోనే ఇంటికి చేరాలని అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచాను.