తాబేలు మెట్లు

పదకొండున్నరైంది. గిన్నెలో ఇడ్లీపిండి మూత దాకా పొంగింది, లేచి తీయాలి. లేవబుద్ధి కావట్లేదు. మధ్యాహ్నం నుంచీ ఒక్క ముక్క సలుపుతోంది. "చెక్ చేశావా అమ్మా?"

అన్నది చిన్నదే, ఇంకెవరంటారు. ముచ్చటగా మూడోసారి 'కె-ఆన్' చూస్తోంది, హైస్కూల్లో పాటల క్లబ్బు పెట్టుకున్న ఆడపిల్లల మీద జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్. నేను పక్కన కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నా. ఆ ఆడపిల్లలు రోజూ టీ తాగే గది, అక్కడికెళ్ళే చెక్క మెట్లు చూసి "టోక్యోలో ఏదో పాత హైస్కూలు చూసి గీసుంటార్లే" అన్నాను. ఊరికే, నోరు ఊరుకోక అన్నమాట. దానికి బొమ్మ ఆపేసి, నా వైపు తిరిగి, ప్లీడరులా ఆ ప్రశ్న. ఈయన పేపరు చాటున నవ్వారు. పిల్ల ప్రశ్న కన్నా ఆ నవ్వు ఎక్కువ మండించింది.

అసలు ఇంట్లో ఏ మాటా ఊరికే అనే వీల్లేకుండా పోయింది. పోయిన వారం పనసపొట్టు మీద ఇదే గొడవ. ఇవాళేమో ఈ సీరియల్ మొదటి సీజను 13 ఎపిసోడ్లు అన్నానా, కాదు 14 అంది. పంతం కొద్దీ సాయంత్రం కూచుని చూశా. టీవీలో వచ్చినవి 13, 2009 ఏప్రిల్ నుంచి జూన్ దాకా. డిస్కులో మాత్రమే వేసింది ఇంకొకటి. అంటే ఇద్దరం కరెక్టే. ఆ సంగతి చెప్తే "నేనన్నది కూడా అదే కదా" అంది! 2010లో వచ్చిన రెండోదీ అంతే, టీవీలో 26, డిస్కుతో కలిపితే 27. ఇంక ఈ లెక్కలు నన్నడక్కండి.

పేరు సంగతి చూస్తుంటే మాత్రం చెయ్యి ఆగిపోయింది. 'కె-ఆన్'ని జపాన్ వాళ్ళు 'కెయ్-ఓన్' అంటారు, అది 'కెయ్‌ఓంగకు'కి పొట్టి పేరట. మాటకి మాట చెప్పుకుంటే తేలిక సంగీతం. వాళ్ళ లెక్కలో గిటార్లూ డ్రమ్సూ, పాప్ పాటలూ. కథలో యుయి అనే పిల్ల ఆ పేరు చూసి చిడతలు వాయించుకునే సులువు సంగీతం కాబోలనుకుని క్లబ్బులో చేరిపోతుంది. నాకు తట్టింది లలిత సంగీతం. తట్టగానే అమ్మ రేడియో ముందు ప్రత్యక్షం.

ఆకాశవాణిలో 'ఈ మాసపు పాట' నేర్పేవాళ్ళు. అమ్మ పోపు వేసుకుంటూ వినేది, రాసుకోవడం నా పని. రూళ్ళ నోటుబుక్కు, ఇంకు కారే పెన్ను. ఒకసారి 'తేరు' అన్నది నాకు 'తేనె' అని వినబడింది, అలాగే రాశాను. శ్రావణ శుక్రవారం పేరంటంలో అమ్మ అంత చక్కగా పాడింది. పాట అవగానే ఎదురింటి మామ్మగారు "తేనె ఎలా కదుల్తుందే అమ్మాయ్, కదిలేది తేరు కదూ" అన్నారు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, సరిగ్గా విన్నావా అని. నాకు అప్పటికే అనుమానం. అయినా "రేడియోలో అలాగే పాడారు" అన్నాను, తొణక్కుండా. అమ్మ మామ్మగారిని కాదని నన్నే నమ్మింది. ఇప్పటికీ తేనె అనే పాడుతుంది.

అందుకని చిన్నదాని మీద కోపం ఎంతసేపో నిలవలేదు. నిలిచినా బావుండేది.

బడి టోక్యోది కాదు. షిగా అనే జిల్లాలో తొయొసాతో అనే ఊళ్ళోది. హైస్కూలూ కాదు, ఎలిమెంటరీ స్కూలు! 1937లో కట్టారు. ఆ ఊళ్ళో పుట్టి మారుబేని అనే వ్యాపార కంపెనీలో పెద్దవాడైన ఫురుకావా తెత్సుజిరో డబ్బిచ్చాడు. భవనం ప్లాను గీసినవాడు వోరీస్, ఇంగ్లీషు చెప్పడానికి 1905లో అమెరికా నుంచి వచ్చి, ఆ దేశంలోనే ఉండిపోయినాయన. తర్వాత మేయరు కూల్చేద్దామంటే ఊరివాళ్ళు అడ్డం పడి, కోర్టుకెక్కి మరీ నిలబెట్టుకున్నారు. పిల్లలు కొత్త భవనంలోకి వెళ్ళారు, పాతది మిగిలింది. సీరియల్లో వీధులూ రైల్వే స్టేషనూ మాత్రం క్యోటోవి, షూగాకుయిన్ స్టేషను దగ్గరవి. పిల్లలు షిగాలో గేటు దాటి క్యోటోలో తేలతారన్నమాట. దర్శకురాలు యమదా నవోకోకి అప్పటికి 24 ఏళ్ళు. నాకు ఆ వయసులో కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టడం రాదు.

అన్నిటికన్నా ఆ మెట్ల కటకటాలు. పట్టుకునే చెక్క మీద కంచు బొమ్మలున్నాయి. కుందేలూ తాబేలూ కింద బయల్దేరతాయి, మధ్యలో కుందేలు నిద్రపోతుంది, పై చివర తాబేలు చేరిపోయి ఉంటుంది. చిన్నది నిద్రపోయాక దాని ల్యాప్‌టాప్ తీసి మొదటి ఎపిసోడు మళ్ళీ వేశా. ఉంది తాబేలు! నేను ఈనెలు తీస్తూ ఎన్నిసార్లు చూడకుండా వదిలేశానో.

పొద్దున్నే దానికి చెప్తే, నాకెప్పుడో తెలుసంటుంది. తెలిసే ఉంటుంది.

అమ్మకి ఫోన్ చేసి తేరు అని చెప్దామా అనుకున్నా. ఈ వేళకి పడుకునుంటుంది. చెప్తే మాత్రం, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఇప్పుడు ఏ పేరంటానికెళ్ళి దిద్దుకుంటుంది? పాడేది ఎటూ వంటింట్లోనే. కానీ ఆ వేళ మామ్మగారి మాట పడ్డాక వాళ్ళింటికి వెళ్ళడం మానేసింది కదా, అది నా వల్లే కదా.

పిండి గట్టు మీదకి కారింది. వెళ్తున్నా.