లంబసింగి గెడ్డ దగ్గర చలి

డిసెంబరు రెండో శనివారం సాయంత్రం పెద్దమ్మ కొడుకు కుటుంబంతో కలిసి నర్సీపట్నం నుంచి జీపులో ఘాట్ ఎక్కాం. లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు. మలుపు తిరిగిన కొద్దీ పిల్లలు ఒక్కొక్క స్వెటరే తొడుక్కుంటూ వచ్చారు. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారంటారు.

అందరూ మంచు చూడ్డానికి వచ్చారు. నాకు ఆదివారం పరుగు కూడా ఉంది. జనవరి మూడో ఆదివారం ముంబయిలో హాఫ్ మారథాన్, 21.1 కిలోమీటర్లు. ఇంకా ఐదు వారాలే. ఆ వారం 14 కిలోమీటర్లు నిదానంగా పరుగెత్తాలి. తాజంగి జలాశయం దాకా వెళ్లి వస్తే పన్నెండో పదమూడో అవుతాయి, మిగిలింది ఊళ్లో అటూ ఇటూ తిరిగి పూర్తి చేద్దామనుకున్నాను.

ఉదయం ఐదుకు లేచి గదిలోనే పావుగంట ఒళ్లు వేడెక్కించుకున్నాను. చలిలో కండరాలను అదరాబాదరాగా సాగదీయకూడదు. ముందు గుంజీళ్లలా చిన్నగా కదిలించాలి. రెండు బనియన్లు, పైన పలుచటి జెర్కిన్, తలకి ఉన్ని టోపీ. హైదరాబాద్‌లో చేతి తొడుగుల అవసరం ఎప్పుడూ రాలేదు గనక నా దగ్గర లేవు. ఒక జత మేజోళ్లు చేతులకి తొడుక్కున్నాను. పోయేటప్పుడు బాగానే పనిచేశాయి.

రోడ్డు పక్క టీ కొట్టావిడ అప్పుడే పొయ్యి రాజేస్తోంది. ఇద్దరు జీపు డ్రైవర్లు మంట దగ్గర చేతులు కాచుకుంటున్నారు. తాజంగి దారి అడిగాను.

"పరిగెట్టుకునెల్తారా బాబూ? ఎల్లండి. గెడ్డ కాడ మాత్రం ఆగకండి. సలంతా అక్కడే ఉంటాది."

గెడ్డంటే వాగు. మాట విన్నాను గానీ పెద్దగా పట్టించుకోలేదు. ఊరంతా ఒకటే చలి కదా అనుకున్నాను.

ఊరు దాటగానే మంచు కమ్మేసింది. తలకి కట్టుకున్న లైటు వెలుగు మంచుకి తగిలి తిరిగి నా కళ్లలోకే కొడుతోంది. ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. లైటు తీసి చేత్తో నడుం దగ్గర పట్టుకుంటే తారురోడ్డు అంచు కనబడింది. మంచులో పరుగెత్తేవాళ్లకి ఇదొక్కటి తప్పకుండా చెబుతాను: వెలుగు కళ్ల దగ్గర ఉండకూడదు, కింద ఉండాలి.

మొదటి రెండు కిలోమీటర్లు ముక్కు లోపల మండింది. మూడోదానికి ఊపిరి కుదుటపడింది. కిలోమీటరు ఏడు నిమిషాలకి దగ్గరగా సాగుతోంది. అప్పుడు రోడ్డు పల్లంలోకి దిగింది. పది అడుగుల్లో అంతా మారిపోయింది. చెవులు, మోకాళ్లు, పళ్లు జివ్వుమన్నాయి. ఎవరో చన్నీళ్ల తొట్టిలోకి దింపినట్టుంది. కింద నీళ్ల చప్పుడు వినిపించింది. గెడ్డ! కల్వర్టు దాటి మిట్టెక్కగానే ఆ కోత తగ్గింది. తర్వాత ఇంకో పల్లం వచ్చింది, మళ్లీ అదే.

కారణం తెలియనిది కాదు. గాలి వీచని రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలనంటుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. చుట్టూ కొండలున్న ఇలాంటి చోట పోయే దారి లేక అడుగున నిలిచిపోతుంది. చదువుకున్నదే. కానీ ఆ చీకట్లో ఆ నేల ఎత్తుపల్లాలు నాకు కళ్లతో కాదు, మోకాళ్లతో తెలిశాయి. కారులో అద్దాలు బిగించుకుని వెళ్లుంటే జన్మలో తెలిసేది కాదు.

తాజంగి చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. జలాశయం కనబడలేదు, నీళ్లున్న చోట పొగ లేస్తోంది. చెమట చల్లారకూడదని అరనిమిషం కూడా నిలబడకుండా తిరిగాను. వెలుగొచ్చింది గనక ఇప్పుడు సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడన కాఫీ మొక్కలు కనిపిస్తున్నాయి. నెత్తిన బుట్టలతో ఆడవాళ్లు వరసగా ఎదురొచ్చారు. వాళ్లలో ముగ్గురి కాళ్లకి చెప్పుల్లేవు. నేను పక్కకి తప్పుకున్నాను. వాళ్ల నడక వేగం తగ్గలేదు.

ముందురోజు ఎక్కి వచ్చిన ఘాట్ గుర్తొచ్చింది. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేసే పనిలోనే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత గొడ్డుచాకిరీ చేయించి కూలి ఎగ్గొట్టాడు. అడవి మీద హక్కులు లాగేసుకున్న చట్టాలు అప్పటికే ఉన్నాయి. ఆ మంటే అల్లూరి సీతారామరాజు వెంట జనాన్ని నడిపింది. 1922 ఆగస్టు 22న ఇక్కడికి దగ్గర్లోని చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లారు. ఈ చలిలో, పంచె కట్టుతో, ఈ కొండల్లో రెండేళ్లు తిరిగారు వాళ్లు. నా కాళ్లకి మంచి బూట్లున్నాయి, గదిలో వేడినీళ్లున్నాయి. ఆ మాట అనుకున్నాక చివరి నాలుగు కిలోమీటర్లలో నడుద్దామన్న ఆలోచన రాలేదు.

వచ్చేటప్పుడు గెడ్డకి భయపడలేదు. ఒళ్లు వేడెక్కింది, పొద్దు పొడుస్తోంది, ఈసారి ఇబ్బంది ఉండదనుకున్నాను. పల్లంలో దిగగానే పోయేటప్పటికంటే ఎక్కువ కొరికింది. వేళ్లు మేజోళ్లలోనే మొద్దుబారాయి. కనురెప్పల మీద నీటిబొట్లు పేరుకున్నాయి. పళ్లు బిగబట్టి మిట్టెక్కాను.

ఊళ్లో ఇంకో కిలోమీటరు తిరిగి 14 పూర్తి చేసి కొట్టు దగ్గరికొచ్చాను. బూటు ముడి విప్పుదామంటే వేళ్లు మాట వినలేదు.

"గెడ్డ కాడ ఆగినారా?"

"లేదమ్మా. కానీ పోయేటప్పటికంటే వచ్చేటప్పుడే ఎక్కువుంది."

"తెల్లారతా ఉన్నప్పుడే కదా బాబూ ఎక్కువ. ఎండెక్కేదాకా అంతే."

రాత్రంతా వేడి పోగొట్టుకున్న నేల సూర్యుడు కాస్త పైకొచ్చేదాకా చల్లబడుతూనే ఉంటుందని గదికెళ్లాక గుర్తొచ్చింది. ఆవిడకి అది రోజూ పొయ్యి రాజేసేటప్పుడు తెలిసేదే. గాజు గ్లాసులో టీ పోసి, మంట దగ్గర పీట జరిపింది. రెండో గ్లాసుకి గానీ చేతికి వేడి తెలియలేదు.